ఆ జాబ్ ఎవరి పేరుతో నడుస్తోంది?

పలాసలో జీడిపప్పు వ్యాపారం చేసే ఒక సంస్థ డేటాబేస్ సర్వర్ బాధ్యతను కొన్నేళ్లుగా నేను చూస్తున్నాను. నా నివాసం విజయనగరం కావడం వల్ల నెలకు ఒకటి రెండుసార్లు ప్యాసింజర్ రైలులో పలాస వెళ్లి వస్తాను. మిగిలిన పనిని అదే సంస్థకు విజయనగరంలో ఉన్న చిన్న కార్యాలయం నుంచి చేస్తాను. అక్కడి డేటాబేస్ మైక్రోసాఫ్ట్ ఎస్‌క్యూఎల్ సర్వర్. రాత్రి పదకొండున్నరకు దానిలో ఒక జాబ్, అంటే వేళకు దానంతటదే నడిచే పని, మొదలవుతుంది. ఆ రోజు గోదాములో మిగిలిన సరుకును గుండు, బద్ద, ముక్క అని రకాలవారీగా, గుండులో మళ్లీ 180, 210, 240, 320 అని గ్రేడులవారీగా లెక్కగట్టి, ఒక ఫైలుగా రాసి, లెక్కల విభాగం వారి ఫోల్డర్‌లో పెడుతుంది. ఆ తరువాత నెల దాటిన పాత ఫైళ్లను తుడిచివేస్తుంది. రెండే స్టెప్పులు. ఎవరూ పట్టించుకోవలసిన అవసరం లేనంత చిన్న పని.

ఒక సోమవారం ఉదయం పెద్దగుమస్తా గారు ఫోన్ చేసి, "బాబూ, గేటు పాసుల స్కాన్లు ఒక్కటీ కనిపించడం లేదు, మీరేమైనా సర్దారా?" అని అడిగారు. నేను ఏమీ సర్దలేదు. వెతికి చూస్తే తేలింది ఇది: పాత ఫైళ్లను తుడిచే బ్యాచ్ ఫైలు (ఆదేశాలు వరుసగా రాసి ఉంచిన ఫైలు), ఏ విభాగం ఫోల్డర్‌లోకి వెళ్లాలో ఒక చిన్న సెట్టింగుల ఫైలు నుంచి చదువుకుంటుంది. శనివారం నాడు ఎవరో ఆ సెట్టింగుల ఫైలును వేరేచోటికి మార్చారు. దాంతో విభాగం పేరు ఉండవలసిన చోట ఖాళీ మిగిలింది, తుడిచివేత ఒక మెట్టు పైనుంచి మొదలైంది, అన్ని విభాగాల ఫోల్డర్లలోనూ నెల దాటిన ఫైళ్లన్నీ పోయాయి. బ్యాకప్ ఉండబట్టి సాయంత్రానికి అన్నింటినీ తిరిగి తెచ్చాము. బ్యాచ్ ఫైలు రాసిన కుర్రవాడు చాలా నొచ్చుకున్నాడు. ఖాళీ విలువను సరిచూసుకోకపోవడం అతని పొరపాటే, కాదనను. కాని ఆ రాత్రి గేటు పాసుల ఫోల్డర్‌లో ఫైళ్లు తుడిచే అధికారం ఆ జాబ్‌కు అసలు ఎందుకు ఉంది? ఆ ప్రశ్నకు జవాబు చెప్పవలసినవాడిని నేను.

జవాబు సిగ్గుపడవలసినంత సులభం. సర్వర్‌ను మొదట అమర్చినవారు ఎస్‌క్యూఎల్ సర్వర్ ఏజెంట్ అనే సర్వీసును (జాబ్‌లను వేళకు నడిపేది ఇదే) డొమైన్ అడ్మినిస్ట్రేటర్ ఖాతాతో, అంటే సంస్థ కంప్యూటర్లన్నిటి మీదా అధికారం ఉన్న ఖాతాతో, నడిపించారు. జాబ్ యజమాని ‘ఎస్‌ఏ’, అంటే డేటాబేస్ సర్వర్‌లో అన్ని అధికారాలూ ఉన్న లాగిన్. నేను బాధ్యత తీసుకున్న నాటి నుంచి అది అలాగే ఉంది, నడుస్తున్న దానిని కదపడం ఎందుకని నేనూ ఊరుకున్నాను. లెక్క రాయడానికి వచ్చిన మనిషికి గోదాము తాళంతోపాటు ఇనప్పెట్టె తాళం, యజమాని ఇంటి తాళం కూడా ఒకే గుత్తిగా ఇచ్చినట్లయింది. ఆ జాబ్ ఎవరి పేరుతో నడవాలో మాలో ఎవరూ నిర్ణయించలేదు. ఎవరూ నిర్ణయించకపోవడం వల్ల అన్నిటికంటే పెద్ద పేరుతో నడిచింది.

ఇక్కడ విషయం కొంత వివరంగా చెప్పాలి, ఎందుకంటే చాలాకాలం పనిచేసినవారు కూడా దీనిని తారుమారుగా అర్థం చేసుకోవడం నేను చూశాను. ఏజెంట్ జాబ్‌లోని స్టెప్పులు రెండు తెగలు. డేటాబేస్ లోపలే జరిగే టీ-ఎస్‌క్యూఎల్ స్టెప్పులు ఒక తెగ. వీటికి ప్రాక్సీతో, అంటే ఏజెంట్ ఖాతాకు బదులు స్టెప్‌ను నడపడానికి పెట్టే వేరే ఖాతాతో, సంబంధం లేదు. జాబ్ యజమాని, సర్వర్ మీద పూర్తి అధికారం ఇచ్చే సిస్అడ్మిన్ పాత్రలో ఉంటే ఇవి ఏజెంట్ సర్వీసు ఖాతా పేరుతో నడుస్తాయి, లేకపోతే ఏజెంట్ ఆ యజమాని రూపం ధరించి అతని అధికారాల మేరకే నడుపుతుంది. డేటాబేస్ బయట ఆపరేటింగ్ సిస్టమ్‌తో పని ఉన్న స్టెప్పులు రెండవ తెగ: కమాండ్ స్టెప్పులు, పవర్‌షెల్, డేటాను ఒకచోటి నుంచి మరొకచోటికి తరలించే ఎస్ఎస్ఐఎస్ ప్యాకేజీలు, ఎనాలిసిస్ సర్వీసెస్ ఆదేశాలు, రెప్లికేషన్ ఏజెంట్లు. యజమాని సిస్అడ్మిన్ అయి, స్టెప్‌కు ప్రాక్సీ ఏదీ ఎంచుకోకపోతే ఇవి కూడా ఏజెంట్ సర్వీసు ఖాతాతోనే నడుస్తాయి. యజమాని సిస్అడ్మిన్ కాకపోతే మాత్రం ప్రాక్సీ లేకుండా ఇవి కదలవు.

ఈ ఏజెంట్ ఖాతాలో ఒక చిక్కు ఉంది. విండోస్ వైపు దానిని ఎంత తగ్గించినా, అడ్మినిస్ట్రేటర్ల గుంపులోంచి తీసివేసినా, ఎస్‌క్యూఎల్ సర్వర్ లోపల అది సిస్అడ్మిన్‌గా ఉండక తప్పదు. ఏజెంట్ పనిచేసే తీరే అది. అందువల్ల ప్రాక్సీ లేని కమాండ్ స్టెప్ నుంచి, డేటాబేస్‌కు క్వెరీలు పంపే ‘ఎస్‌క్యూఎల్‌సీఎండీ’ అనే ప్రోగ్రామును విండోస్ గుర్తింపుతో పిలిస్తే, ఆ కనెక్షన్ మొత్తం సర్వర్‌కు యజమానిగా లోపలికి వస్తుంది. ఆ స్టెప్ పిలిచే బ్యాచ్ ఫైలు అందరూ రాయగలిగిన షేర్‌లో, అంటే నెట్‌వర్క్‌లో పంచుకునే ఫోల్డర్‌లో, ఉన్నదనుకోండి, ఆ ఫైలులో ఒక్క పంక్తి చేర్చగలిగిన ప్రతి ఉద్యోగీ ఆ రాత్రి పదకొండున్నరకు సిస్అడ్మిన్ అవుతాడు. మా బ్యాచ్ ఫైలు సరిగ్గా అలాంటి షేర్‌లోనే ఉంది. గేటు పాసులు పోవడం కంటే ఈ సంగతి గ్రహించినప్పుడే నాకు ఎక్కువ భయం వేసింది.

ఎస్‌క్యూఎల్ సర్వర్ 2000లో ఏజెంట్‌కు ప్రాక్సీ ఖాతా ఒక్కటే ఉండేది. ఆ ఒక్క ఖాతాకే అన్ని జాబ్‌ల అవసరాలూ ఎక్కించవలసి రావడంతో అది క్రమంగా బలిసిపోయేది. 2005 వెర్షన్ నుంచి ఎన్ని ప్రాక్సీలైనా పెట్టుకోవచ్చు, ఏ ప్రాక్సీ ఏ రకం స్టెప్పులకు పనికివస్తుందో, ఎవరు వాడవచ్చో విడివిడిగా చెప్పవచ్చు. ఏర్పాటు నాలుగు లంకెల గొలుసు. మొదట ఒక విండోస్ ఖాతా. ఆ ఖాతా పేరును, పాస్‌వర్డును ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో భద్రపరిచే క్రెడెన్షియల్ రెండవది. ఆ క్రెడెన్షియల్‌ను ఆధారం చేసుకుని, ఏజెంట్ తన జాబ్‌ల వివరాలు దాచుకునే ‘ఎంఎస్‌డీబీ’ డేటాబేస్‌లో ఉండే ప్రాక్సీ మూడవది. ఆ ప్రాక్సీని ఏ సబ్‌సిస్టమ్‌లో (అంటే ఏ రకం స్టెప్పులలో), ఏ లాగిన్ వాడవచ్చో చెప్పే అనుమతులు నాలుగవది. ఒక లంకె తెగినా జాబ్ ఆగుతుంది. అయితే ఏ లంకె తెగినదో హిస్టరీలోని సందేశం చాలావరకు సూటిగానే చెబుతుంది. అది ఈ ఏర్పాటులో నాకు నచ్చిన గుణం.

నేను రెండు విండోస్ ఖాతాలు తీసుకున్నాను, ఒకటి ఫైలు రాయడానికి, రెండవది పాత ఫైళ్లు తుడవడానికి. ఒకే జాబ్‌కు రెండు ఖాతాలు ఎందుకని సంస్థలో కొందరు అడిగారు. కారణం ఇది: ప్రాక్సీకి అనుమతి ఇచ్చేది సబ్‌సిస్టమ్ మేరకే గాని ఫలానా ఆదేశం మేరకు కాదు. కమాండ్ సబ్‌సిస్టమ్‌కు ప్రాక్సీ ఇచ్చామంటే, దానిని వాడే హక్కు ఉన్నవారు ఆ ఖాతా పేరుతో ఏ ఆదేశమైనా నడపగలరు. కాబట్టి అదుపంతా ఖాతాకు విండోస్‌లో ఇచ్చిన అధికారాలలోనే ఉంటుంది. రాసే ఖాతాకు లెక్కల విభాగం ఫోల్డర్‌లో రాయడం వచ్చు, తుడవడం రాదు. తుడిచే ఖాతాకు ఆ ఒక్క ఫోల్డర్‌లో తుడవడం వచ్చు, డేటాబేస్‌లోకి ప్రవేశమే లేదు. షేర్ అనుమతులు, ఫైల్ సిస్టమ్ అనుమతులు రెండింటినీ సరిచూడాలి, రెండింటిలో ఏది తక్కువైతే అదే చెల్లుతుంది. బ్యాచ్ ఫైళ్లను షేర్ నుంచి తీసి సర్వర్ మీదనే ఒక ఫోల్డర్‌లో పెట్టి, ఈ రెండు ఖాతాలకూ అక్కడ చదివే హక్కు మాత్రమే ఇచ్చాను. రాసే హక్కు నాకు, సంస్థలోని మరొక్కరికి. ఈ ఖాతాలతో ఎవరూ కంప్యూటర్ ముందు కూర్చుని గాని, రిమోట్ డెస్క్‌టాప్ ద్వారా గాని లాగిన్ కాకుండా గ్రూప్ పాలసీలో, అంటే డొమైన్ కంప్యూటర్లన్నిటికీ ఒకేచోట నియమాలు పెట్టే ఏర్పాటులో, నిషేధించాను. ప్రాక్సీ ఖాతాకు నేను విడిగా ఇవ్వవలసి వచ్చిన లాగిన్ హక్కు, బ్యాచ్ జాబ్‌గా లాగిన్ అయ్యే హక్కు.

ఎస్‌క్యూఎల్ వైపు పని అరగంటది. ‘క్రియేట్ క్రెడెన్షియల్’ ఆదేశంలో ఐడెంటిటీగా డొమైన్ ఖాతా పేరు, సీక్రెట్‌గా పాస్‌వర్డు ఇవ్వాలి. ఆ పాస్‌వర్డును సర్వర్ తన సర్వీస్ మాస్టర్ కీ తో సంకేతపరిచి దాచుకుంటుంది. తరువాత ‘ఎంఎస్‌డీబీ’లో ‘ఎస్‌పీ_యాడ్_ప్రాక్సీ’తో ప్రాక్సీ, ‘ఎస్‌పీ_గ్రాంట్_ప్రాక్సీ_టు_సబ్‌సిస్టమ్’తో సబ్‌సిస్టమ్ అనుమతి, ‘ఎస్‌పీ_గ్రాంట్_లాగిన్_టు_ప్రాక్సీ’తో లాగిన్ అనుమతి. సబ్‌సిస్టమ్‌ను సంఖ్యతో చెప్పేవారికి కమాండ్ స్టెప్పులు 3, ఎస్ఎస్ఐఎస్ 11, పవర్‌షెల్ 12. అవసరమైన ఒక్క సబ్‌సిస్టమ్‌కే ఇవ్వండి. మేనేజ్‌మెంట్ స్టూడియో తెరలో అన్ని గడులకూ టిక్కు పెట్టడం సులభం కనుక చాలామంది అన్నింటికీ పెట్టేస్తారు. అలాగే ప్రాక్సీని లాగిన్‌కు బదులు ‘ఎంఎస్‌డీబీ’ పాత్రకు కూడా ఇవ్వవచ్చు గాని, ఏజెంట్ యూజర్ పాత్రకు ఇచ్చారంటే జాబ్ రాయగలిగిన ప్రతివారికీ ఆ ప్రాక్సీ ధారపోసినట్లే. సిస్అడ్మిన్ పాత్రలో ఉన్నవారికి అన్ని ప్రాక్సీలూ ఎలాగూ అందుబాటులోనే ఉంటాయి, వారి నుంచి రక్షణగా ప్రాక్సీ పనికిరాదు.

జాబ్ యజమానిని మార్చడం మీద నేను కొంత ఆలోచించాను. ప్రాక్సీ ఎంచుకున్న స్టెప్ యజమాని ‘ఎస్‌ఏ’ అయినా ప్రాక్సీ పేరుతోనే నడుస్తుంది కదా, మరి యజమానిని మార్చడం దేనికి? దేనికంటే, రేపు ఎవరైనా మూడవ స్టెప్ చేర్చి ప్రాక్సీ ఎంచుకోవడం మరచిపోతే, యజమాని ‘ఎస్‌ఏ’ అయినప్పుడు అది నిశ్శబ్దంగా ఏజెంట్ ఖాతాతో నడిచిపోతుంది. యజమాని మామూలు లాగిన్ అయినప్పుడు గట్టిగా విఫలమవుతుంది. నాకు గట్టిగా విఫలం కావడమే కావాలి. అందుకని ఈ జాబ్ కోసమే ఒక ఎస్‌క్యూఎల్ లాగిన్ తయారుచేసి, ‘ఎంఎస్‌డీబీ’లో ఏజెంట్ యూజర్ పాత్ర ఒక్కటి ఇచ్చి, యజమానిగా పెట్టాను. మనుషుల డొమైన్ లాగిన్‌ను యజమానిగా పెట్టకూడదని చాలా ముందే నేర్చుకున్నాను. ఒక ఉద్యోగి సంస్థ వదిలి వెళ్లగానే అతని ఖాతా మూసివేస్తారు, ఆ రాత్రి యజమానికి సర్వర్ ప్రవేశం ఉన్నదీ లేనిదీ తేల్చుకోలేకపోతున్నానని ఏజెంట్ జాబ్‌ను ఆపివేస్తుంది. ఆ ఉద్యోగికి వీడ్కోలు సభ జరిగిన మరునాడే ఇది తెలియడం మామూలు.

మొదటి పరీక్ష సజావుగా సాగిందని చెబితే ఎవరూ నమ్మరు, నమ్మనక్కరలేదు కూడా. మొదటి సందేశం, సిస్అడ్మిన్లు కానివారికి ప్రాక్సీ లేకుండా కమాండ్ స్టెప్పులు నడిపే అనుమతి లేదని. రెండవ స్టెప్‌లో, ఎవరి పేరుతో నడపాలో చెప్పే ‘రన్ యాజ్’ గడి మార్చడం నేనే మరచిపోయాను. పైన చెప్పిన గట్టి వైఫల్యం మొదట నాకే తగిలింది. రెండవ సందేశం, ఈ కంప్యూటర్‌లో ఈ ఖాతాకు కోరిన రకం లాగిన్ ఇవ్వలేదని. విండోస్ లెక్కలో ఇది 1385. బ్యాచ్ లాగిన్ హక్కును లోకల్ పాలసీలో చేర్చబోతే మీట మసకగా ఉండి కదలలేదు, ఆ హక్కును డొమైన్ పాలసీ నిర్దేశిస్తున్నందువల్ల. అక్కడ చేర్చి ‘జీపీఅప్‌డేట్’ నడిపితే సరిపోయింది. నడపకపోతే పాలసీ దానంతటది తాజా కావడానికి మామూలుగా 90 నిమిషాలు, దానిపైన మరో 30 నిమిషాల వరకు పడుతుంది. ఈలోగా మార్పు పనిచేయలేదనుకుని ఇంకేదో మార్చేవారిని చూశాను, వారిలో నేనూ ఉన్నాను.

మూడవది జెడ్ డ్రైవ్. బ్యాచ్ ఫైలులో దారి జెడ్ డ్రైవ్ మీదుగా ఉంది. ఆ అక్షరం లాగిన్ అయిన మనిషి సెషన్‌కు చెందినది, ప్రాక్సీ సెషన్‌లో అది ఉండదు. సర్వర్ పేరుతో మొదలయ్యే పూర్తి నెట్‌వర్క్ దారి రాయాలి. నాల్గవది 18456, అంటే ఎస్‌క్యూఎల్ లాగిన్ విఫలం. ప్రాక్సీ పేరుతో నడిచే ‘ఎస్‌క్యూఎల్‌సీఎండీ’ సర్వర్ తలుపు తట్టేది ఆ విండోస్ ఖాతా పేరుతోనే గాని జాబ్ యజమాని పేరుతో కాదు. ఆ ఖాతాకు లాగిన్ సృష్టించి, సరుకు లెక్క తీసే ఒక్క స్టోర్డ్ ప్రొసీజర్‌ను (డేటాబేస్‌లో ముందే రాసి ఉంచిన ఆదేశాల వరుసను) నడిపే హక్కు మాత్రం ఇచ్చాను. పట్టికలు చదివే హక్కు ఇవ్వలేదు. ప్రొసీజర్, పట్టికలు ఒకే యజమానికి చెందినప్పుడు విడిగా పట్టికల హక్కు అక్కరలేదు. అన్నట్టు, ‘ఎస్‌క్యూఎల్‌సీఎండీ’కి మైనస్ బీ అనే స్విచ్ ఇవ్వకపోతే లోపల క్వెరీ విఫలమైనా ఎర్రర్‌ను సూచించే ముగింపు సంఖ్య బయటికి రాకపోవచ్చు, జాబ్ పచ్చగా గెలిచినట్లు కనిపిస్తుంది. మూడు రాత్రులు ఖాళీ ఫైలు అందుకున్న తరువాత పెద్దగుమస్తా గారే ఈ సంగతి నాకు తెలియజేశారు.

ఎస్ఎస్ఐఎస్ ప్యాకేజీలు వాడేవారికి ఇంకొక చిక్కు ఎదురవుతుంది. రహస్య సమాచారాన్ని రాసినవారి యూజర్ కీ తో సంకేతపరచడం ప్యాకేజీలో మొదటి నుంచీ ఉన్న ఎంపిక. అలా భద్రపరిచిన కనెక్షన్ పాస్‌వర్డును రాసినవారు తప్ప, రాసిన యంత్రంలో తప్ప ఎవరూ విప్పలేరు. ప్రాక్సీ వేరే మనిషి కనుక ప్యాకేజీ విఫలమవుతుంది, రాసినవారు "నా లాప్‌టాప్‌లో బాగానే నడుస్తోంది" అంటారు, ఇద్దరి మాటా నిజమే. వీలైనచోట విండోస్ గుర్తింపు వాడి పాస్‌వర్డే లేకుండా చేసుకోవడం, లేదా రక్షణ స్థాయి మార్చి పాస్‌వర్డును ప్యాకేజీ బయట పెట్టడం దారి. టీ-ఎస్‌క్యూఎల్ స్టెప్పుల్లో లింక్డ్ సర్వర్లు, అంటే ఇక్కడి నుంచే క్వెరీ చేసేందుకు కలిపిన వేరే సర్వర్లు, వాడేవారికి కూడా ఒక మాట: యజమాని సిస్అడ్మిన్ కానప్పుడు ఏజెంట్ అతని రూపం ధరించి నడుపుతుంది కనుక, అవతలి సర్వర్‌కు లాగిన్ మ్యాపింగ్ లేకపోతే ఈ సందర్భాన్ని నమ్మలేమని 15274 ఎర్రర్ వస్తుంది. దానికి విరుగుడుగా యజమానిని మళ్లీ సిస్అడ్మిన్ చేయడం నేను చాలాచోట్ల చూశాను. అదే పనిని ప్రాక్సీతో నడిచే కమాండ్ స్టెప్‌లోకి మార్చడం మేలు.

ఇక పాస్‌వర్డుల గడువు. డొమైన్‌లో విండోస్ మామూలుగా పెట్టే గడువు 42 రోజులు. ఎవరైనా ప్రాక్సీ ఖాతా పాస్‌వర్డు మార్చి క్రెడెన్షియల్‌ను మరచిపోతే ఆ రాత్రి నుంచి జాబ్‌లు పడిపోతాయి. కొద్ది నిమిషాలకొకసారి నడిచే జాబ్ ఉంటే తప్పు పాస్‌వర్డుతో పదేపదే తలుపు తట్టి ఖాతానే లాక్ చేయిస్తుంది. ‘ఆల్టర్ క్రెడెన్షియల్’ వాడేటప్పుడు జాగ్రత్త: అందులో ఐడెంటిటీ ఒక్కటే ఇచ్చి సీక్రెట్ వదిలేస్తే పాత పాస్‌వర్డు అలాగే ఉండదు, ఏమీ లేకుండా పోతుంది. పాస్‌వర్డును విండోసే మార్చుకునే గ్రూప్ మేనేజ్డ్ సర్వీస్ అకౌంట్లు విండోస్ సర్వర్ 2012 నుంచి ఉన్నాయి, మామూలుగా 30 రోజులకొకసారి మారతాయి. ఏజెంట్ సర్వీసును అలాంటి ఖాతాతో నడపవచ్చు. క్రెడెన్షియల్‌లో మాత్రం అది పనికిరాదు. మనకు తెలియని పాస్‌వర్డును సీక్రెట్‌గా రాయలేము కదా. మేము పొడవైన పాస్‌వర్డులు పెట్టి, గడువును మా చేతిలో ఉంచుకుని, మార్చే తేదీని లెక్కల విభాగం క్యాలెండర్‌లోనే రాయించాము. నా క్యాలెండర్ కంటే అది నమ్మదగినది.

ఈ ఏర్పాటుకు అసలు పరీక్ష తిత్లీ తుపానుతో వచ్చింది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున పలాస దగ్గర అది తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు ఎలా నేలకూలాయో ఈ ప్రాంతంవారికి నేను చెప్పనక్కరలేదు. కార్యాలయంలోకి నీరు వచ్చి సర్వర్ తడిసింది, కరెంటు లేదు, దారులకు అడ్డంగా చెట్లు. డేటాబేస్ బ్యాకప్పులు రోజూ విజయనగరం కార్యాలయానికి చేరుతుండేవి, డొమైన్ ఖాతాలను చూసుకునే డొమైన్ కంట్రోలర్లలో రెండవది కూడా ఇక్కడే ఉంది. ఉన్న ఒక పాత యంత్రంలో ఎస్‌క్యూఎల్ సర్వర్ పెట్టి, వ్యాపారపు డేటాబేస్‌ను, ‘ఎంఎస్‌డీబీ’ని రీస్టోర్ చేశాను. జాబ్‌లన్నీ కనిపించాయి, ప్రాక్సీలూ కనిపించాయి. ఒక్కటీ నడవలేదు.

ప్రాక్సీ ఉండేది ‘ఎంఎస్‌డీబీ’లో, అది ఆధారపడే క్రెడెన్షియల్ ఉండేది ‘మాస్టర్’ అనే, సర్వర్ మొత్తానికి చెందిన వివరాల డేటాబేస్‌లో. ‘ఎంఎస్‌డీబీ’ మాత్రమే తెచ్చిన కొత్త యంత్రంలో ప్రాక్సీ దగ్గర క్రెడెన్షియల్ సంఖ్య ఒకటి మిగులుతుంది, ఆ సంఖ్యకు అవతల ఎవరూ ఉండరు. పాస్‌వర్డులు రాసిన కవరు పలాసలో యజమాని ఇనప్పెట్టెలో ఉంది. పైన చెప్పిన ఇనప్పెట్టె పోలికే గుర్తుకువచ్చి, ఆ ఇబ్బందిలోనూ నవ్వు వచ్చింది. అయితే పరిష్కారానికి ఆ కవరు అక్కరలేకపోయింది. రెండు ఖాతాల పాస్‌వర్డులనూ ఇక్కడి డొమైన్ కంట్రోలర్‌లో రీసెట్ చేశాను, అవే పేర్లతో క్రెడెన్షియళ్లు కొత్తగా సృష్టించాను, ‘ఎస్‌పీ_అప్‌డేట్_ప్రాక్సీ’తో ప్రాక్సీలను వాటికి ముడివేశాను, కొత్త యంత్రంలో బ్యాచ్ లాగిన్ హక్కు చేర్చాను. గంటలోపే పని అయిపోయింది. పాస్‌వర్డులు రీసెట్ చేస్తే ఇంకెక్కడ ఏమి పడిపోతుందోనని ఒక్క క్షణమైనా ఆలోచించవలసి రాలేదు, ఆ ఖాతాలను మరి దేనికీ వాడలేదు కనుక. పాత డొమైన్ అడ్మినిస్ట్రేటర్ ఖాతాతోనే అన్నీ నడుస్తూ ఉండి, దాని పాస్‌వర్డు తెలియని పరిస్థితి వచ్చి ఉంటే, ఆ రాత్రి రీసెట్ చేయడానికి నాకు చేతులు వచ్చేవి కావు.

తుపాను తరువాత రెండు అలవాట్లు చేసుకున్నాను. సర్వీస్ మాస్టర్ కీ ని బ్యాకప్ తీసి సర్వర్ లేని ఊళ్లో ఉంచడం ఒకటి. ‘మాస్టర్’ను వేరే యంత్రంలోకి తెచ్చినప్పుడు దాచిన సీక్రెట్లు విప్పుకోవడానికి అది కావాలి. క్రెడెన్షియళ్లు, ప్రాక్సీలు, అనుమతులు అన్నింటినీ తిరిగి సృష్టించే స్క్రిప్టును, పాస్‌వర్డుల చోటు ఖాళీగా వదిలి, తయారుగా ఉంచుకోవడం రెండవది. కవరు ఇప్పుడు రెండు ప్రతులు, ఒకటి విజయనగరంలో.

ప్రతి నెలా ఒకటవ తేదీన ఒక క్వెరీ నడుపుతాను. ‘సిస్‌జాబ్స్’, ‘సిస్‌జాబ్‌స్టెప్స్’ పట్టికలను కలిపి, సబ్‌సిస్టమ్ టీ-ఎస్‌క్యూఎల్ కాకుండా ప్రాక్సీ సంఖ్య ఖాళీగా ఉన్న స్టెప్పులను, వాటి యజమానుల పేర్లతో సహా చూపుతుంది. మొదటిసారి నడిపినప్పుడు పందొమ్మిది పంక్తులు వచ్చాయి. వాటిలో కొన్ని జాబ్‌లు ఎందుకు ఉన్నాయో చెప్పగలిగినవారే లేరు. నిలిపివేసి మూడు నెలలు చూసి తీసివేశాము. అదే ఊపులో, డేటాబేస్ లోపలి నుంచి విండోస్ ఆదేశాలు నడపనిచ్చే ‘ఎక్స్‌పీ_సీఎండీషెల్’ తెరచి ఉందేమో కూడా చూశాను. 2005 నుంచి అది మూసే వస్తుంది గాని, ఎవరో ఎప్పుడో తెరిచారు. దానిని వాడే ప్రొసీజర్ ఒక్కటే దొరికింది, దాని పనిని ప్రాక్సీ జాబ్‌కు మార్చి మూసివేశాను. ఏజెంట్ సర్వీసును డొమైన్ అడ్మినిస్ట్రేటర్ నుంచి తప్పించి మామూలు ఖాతాకు మార్చడం వీటన్నిటికీ చివర చేశాను, ఎందుకంటే దానిమీద తెలియకుండా ఆధారపడిన స్టెప్పులు మిగిలి ఉంటే ఒక్కసారిగా పడిపోతాయి. మార్చేటప్పుడు సర్వీసుల తెరలో కాకుండా ఎస్‌క్యూఎల్ సర్వర్ కాన్ఫిగరేషన్ మేనేజర్‌లోనే మార్చాలి, కొత్త ఖాతాకు కావలసిన హక్కులను అది తానే చూసుకుంటుంది.

మొన్న ఒకటవ తేదీన ఆ క్వెరీలో ఒకే పంక్తి మిగిలింది. ఎగుమతి బిల్లులను ముద్రించే పాత జాబ్ అది. అందులో పిలిచే ప్రోగ్రామును రాసినవారు ప్రింటర్ పేరును ఎక్కడో లోపల దాచారు, ప్రాక్సీ ఖాతాతో నడిపితే ఆ ప్రింటర్ కనబడడం లేదు. పెద్దగుమస్తా గారు ఆ జాబ్‌ను పగలు పూట ముట్టుకోవద్దన్నారు. వచ్చే శనివారం సాయంత్రం రైలుకు పలాస వెళ్లి, ఆయన ఎదుటే దాని పని పడతాను.